గడ్డం మీద గాయం మానింది, నోరు మాత్రం తెరుచుకోవడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. దసరా సెలవుల్లో మా అమ్మావాళ్లింట్లో ఆడుకుంటూ అరుగు మీద నుంచి బోర్లా పడ్డాడు. గడ్డం కింద చీరుకుపోతే దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో నాలుగు కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ చేసి పంపించారు. వారంలో కుట్లు విప్పారు, గాయం మానిపోయింది. ఆ పది రోజులూ నొప్పి అంటూ అన్నం సరిగా తినలేదు. కుట్ల నొప్పే అనుకున్నాం. మొన్న సంక్రాంతికి అరిసె ఇస్తే కొరకలేక చిన్న చిన్న ముక్కలు తుంచి నోట్లో పెట్టుకుంటున్నాడు. అప్పుడు గమనిస్తే నోరు సగమే తెరుస్తున్నాడు. తెరిచినప్పుడు గడ్డం కుడిపక్కకి జరుగుతోంది. నొప్పి లేదంటాడు. రాత్రిళ్లు గురక కూడా మొదలైంది. మా అత్తయ్య గారు పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమంటున్నారు. మా అమ్మ రోజూ వేడి నూనెతో మర్దన చేస్తోంది. రెండేళ్ల కిందట బండి మీద నుంచి పడ్డప్పటి నుంచి మా వారికి ఆవలిస్తే చెవి దగ్గర టక్ మని శబ్దం వస్తుంది. నాకేమీ కాలేదుగా, వీడికీ తగ్గిపోతుందిలే అంటారాయన. నాకు మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది. ఆ రోజు వాడి మీద ఓ కన్నేసి ఉంచితే ఇంత జరిగేది కాదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు చేయాల్సిన పని చెప్తాను. ఎందుకన్నది తర్వాత వివరంగా చెప్తాను. ఈ వారంలోనే బాబుని ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కి చూపించండి. దంతవైద్యం చదివాక ఇంకో మూడేళ్లు ముఖం, దవడ ఎముకల సర్జరీ చదివిన డాక్టర్లు వీళ్లు. ప్రతి డెంటల్ కాలేజీ ఆసుపత్రిలోనూ ఈ విభాగం ఉంటుంది. మీకు విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ అందుబాటులో ఉంది. కడపలో, హైదరాబాద్‌లో కూడా ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. పుత్తూరు వద్దు. మర్దన ఈ రోజుతో ఆపేయించండి. బలవంతంగా నోరు తెరిపించే ప్రయత్నం కూడా డాక్టరు చూసేదాకా ఎవరూ చేయొద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట 'నొప్పి లేదంటాడు' అన్నది. ఇంట్లో అందరికీ ధైర్యం ఇస్తున్న మాట కూడా అదే అయ్యుంటుంది. నొప్పి పోయిందంటే నయమైందనే కదా మనకు అలవాటు. దవడ కీలు విషయంలో ఆ లెక్క పనికిరాదు. కదిలే కీలు నొప్పి పెడుతుంది. కదలడం మానేసిన కీలు నొప్పి పెట్టదు. నొప్పి తగ్గుతూ, దాంతో పాటే నోరు తెరుచుకోవడం కూడా తగ్గుతూ వస్తోందంటే లోపల కీలు బిగుసుకుపోతోందేమో అని అనుమానించాలి.

గడ్డం మీద దెబ్బ తగిలితే చెవి దగ్గర ఏమవుతుందని మీకు సందేహం రావచ్చు. కింది దవడ ఎముక గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. దాని మధ్య భాగమే మనం గడ్డం అనే చోటు. రెండు కొసలూ పైకి వంగి రెండు చెవుల ముందు పుర్రెలోని గుంటల్లో కూర్చుంటాయి. ఒక్కో కొసకి గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ ఉంటాయి. ఎముక తలకీ గుంటకీ మధ్య మెత్తటి పలచని బిళ్ల ఒకటి ఉంటుంది, దాన్ని డిస్క్ అంటాం. మీ చూపుడు వేలు చెవి రంధ్రం ముందున్న చిన్న ముక్కకి కాస్త ముందు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదులుతోందే, అదే కీలు.

మేకు నెత్తిన సుత్తితో కొడితే దెబ్బ మొనకి చేరినట్టు, గడ్డం మీద పడ్డ దెబ్బ ఎముక వెంట పాకి ఆ సన్నటి మెడ దగ్గర తేలుతుంది. ఎడమవైపు పడితే చాలాసార్లు కుడివైపు మెడ విరుగుతుంది. నడిమధ్యన పడితే రెండువైపులా దెబ్బ తినొచ్చు. ఆ మెడ అంత సన్నగా ఉండటం నిజానికి మనకు రక్ష. అది విరగకపోతే ఎముక తల పైనున్న గుంటని పగలగొట్టుకుని మెదడు వైపు పోయే ప్రమాదం ఉంది. బ్రిటిష్ సైన్యంలో కవాతులో గంటల తరబడి కదలకుండా నిలబడి స్పృహ తప్పి, చేతులు కూడా అడ్డం పెట్టుకోకుండా గడ్డం మీద పడిపోయే సైనికులకి గడ్డం ఎముకతో పాటు రెండు చెవుల ముందూ విరిగేది. అందుకే దానికి 'గార్డ్స్‌మన్ ఫ్రాక్చర్' అని పేరు వచ్చింది. ఆ పేరు మా చదువులో నేర్పిస్తారు, గడ్డం మీద గాయం చూస్తే చెయ్యి చెవి ముందుకి పోవాలని. అయినా రాత్రిపూట, ఏడుస్తున్న పిల్లవాడు, కారుతున్న రక్తం, భయపడుతున్న పెద్దవాళ్లు ఉన్నచోట అందరి చూపూ గాయం మీదే ఉంటుంది. కుట్లు వేసిన డాక్టరు తన పని తాను చేశారు. ఆయనతో గొడవ పెట్టుకుని ఈ వారం పోగొట్టుకోవద్దు.

పిల్లల సంగతి పెద్దవాళ్లలా ఉండదు. చిన్న వయసులో ఆ ఎముక తల మీద పైపెచ్చు పలచగా ఉంటుంది, లోపల రక్తం నిండి ఉంటుంది. దెబ్బకి మెడ విరగడానికి బదులు తలే పుట్టగొడుగు నలిగినట్టు నలిగిపోవచ్చు. రక్తం కీలులోకి చేరుతుంది. పిల్లవాడు నొప్పికి భయపడి నోరు కదపడు. మనం కూడా పాపం నొప్పి అని పాలు, జావ పట్టిస్తాం. కదలిక లేని చోట చేరిన ఆ రక్తం మెల్లగా పీచులా గట్టిపడుతుంది, ఆ తర్వాత నెలల్లో, ఏళ్లలో ఎముకగా మారిపోవచ్చు. అప్పుడు దవడ తల, పుర్రె గుంట ఒకే ఎముకలా అతుక్కుపోతాయి. దీన్నే ఆంకైలోసిస్ అంటారు. మన దేశంలో ఈ జబ్బుతో వచ్చే పిల్లల్లో చాలామందికి మూలం ఎప్పుడో చిన్నప్పుడు గడ్డం మీద తగిలిన దెబ్బే.

మీ బాబుకి ఇదే జరిగిందని నేను అనడం లేదు. మూడున్నర నెలలే అయింది. విరిగిన ఎముక మామూలుగానే అతుక్కుని, కీలు కదలక బిగుసుకుని మాత్రమే ఉండొచ్చు. డిస్క్ పక్కకి జరిగి అడ్డం పడి ఉండొచ్చు. లేదా కీలే అతుక్కోవడం మొదలై ఉండొచ్చు. ఉత్తరం చూసి తేల్చే విషయం కాదిది, ఎక్స్‌రే చూసి తేల్చాలి. కానీ నోరు తెరుచుకోవడం తగ్గడం, గడ్డం కుడికి జరగడం, దెబ్బ తర్వాత పది రోజులు తినలేకపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే కుడి చెవి ముందు కీలుకి దెబ్బ తగిలిందన్న అనుమానం గట్టిగానే ఉంది. నోరు తెరిచినప్పుడు దవడ దెబ్బతిన్న పక్కకే ఒరుగుతుంది. ఆ పక్క కీలు ముందుకి జారదు, రెండో పక్కది జారుతుంది, అంచేత గడ్డం అటు తిరుగుతుంది.

ఇక ఈ రోజు సాయంత్రం ఇంట్లో ఒక పని చేయండి. వెలుతురు ఉన్నచోట బాబుని మీ ఎదురుగా కూర్చోబెట్టి వీలైనంత నోరు తెరవమనండి. వాడి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మూడూ ఒకదానికొకటి ఆనించి, పైపళ్లకీ కిందిపళ్లకీ మధ్య నిలువుగా పెట్టించండి. మీ వేళ్లు కాదు, వాడివే. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి వాళ్ల మూడు వేళ్లు దూరతాయి. రెండే పట్టినా, ఒకటే పట్టినా రాసుకోండి. ఆ తర్వాత వాడి స్కూలు స్కేలుతో పైపంటి అంచు నుంచి కిందిపంటి అంచుకి ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలిచి, తారీఖు వేసి ఒక నోటు పుస్తకంలో రాయండి. ఏడేళ్ల వాడు కదా, ముందుపళ్లు ఊడి ఉండొచ్చు. అలాంటప్పుడు పక్కనున్న ఏ పంటి దగ్గర కొలిచారో కూడా రాసిపెట్టి, ప్రతిసారీ అక్కడే కొలవండి. మూడు రోజులకోసారి చాలు. ఆ నోటు పుస్తకం మీతో పాటు ఆసుపత్రికి రావాలి. 'తగ్గినట్టుంది' అన్న మాట కంటే అందులోని అంకె డాక్టరుకి చాలా ఎక్కువ చెప్తుంది.

కొలిచాక రెండు చెవుల ముందు మీ రెండు చూపుడు వేళ్లూ ఆనించి, నోరు తెరిచి మూయమనండి. ఒక పక్క బాగా కదిలి రెండో పక్క కదలకపోతే అది కూడా రాయండి. పళ్లు కరిచిపట్టమని చూడండి. వెనక పళ్లు ముందే తగిలి ముందుపళ్ల మధ్య సందు ఉండిపోతోందా? దెబ్బకి ముందు అలా లేదంటే అది రెండు పక్కలా విరిగినప్పుడు కనిపించే గుర్తు. పడ్డ రోజున చెవిలోంచి రక్తం వచ్చిందేమో మీ అమ్మగారిని అడగండి. కీలుకి వెనకగోడే చెవి రంధ్రానికి ముందుగోడ. అక్కడ చిరిగితే చెవిలో రక్తం కనిపిస్తుంది. గడ్డం రక్తమే అటు పారిందనుకుని తుడిచేసి ఉండొచ్చు.

పుత్తూరు సంగతికి వస్తాను. పెద్దావిడ మాట కొట్టిపారేయొద్దు, మనవడి మీద ప్రేమతోనే అన్నారు. చెయ్యో కాలో విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచుతారు, తరతరాలుగా మనం చూస్తున్నది అదే. ఎముక అతుక్కోవాలంటే కదపకూడదన్నది అందరి బుర్రలోనూ నాటుకుపోయింది. దవడ కీలుకి సరిగ్గా దీనికి ఎదురు. ముఖ్యంగా పిల్లలకి. దవడ ఎముక తల దగ్గర విరిగితే కట్టి ఉంచడమే అతుక్కుపోవడానికి దారి. పళ్ల వరస తేడా వచ్చినప్పుడు మేం కూడా పిల్లలకి పళ్లు కలిపి కట్టాల్సి వస్తుంది గానీ, ఏడు నుంచి పది రోజులకి మించనివ్వం. విప్పిన వెంటనే నోరు ఆడించే పని మొదలుపెట్టిస్తాం. ఇప్పుడు మూడున్నర నెలల తర్వాత తల చుట్టూ, గడ్డం కింద కట్టు కడితే మిగిలిన కాస్త కదలిక కూడా పోతుంది. మీ అత్తయ్య గారికి ఇలా చెప్పండి: 'చెయ్యి విరిగితే కట్టాలి అత్తయ్యా, దవడ విరిగితే ఆడించాలంట.' ఆవిడకి అర్థమవుతుంది.

మర్దన కూడా అలాంటిదే. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చెవి ముందు పది నిమిషాలు పెడితే కండరాలు సడలుతాయి, అందులో తప్పు లేదు. వేడి చూసి పెట్టండి, పిల్లల చర్మం త్వరగా కాలుతుంది. గట్టిగా నూనె పెట్టి రుద్దడం వేరు. దెబ్బతిన్న చోట కండరం మళ్లీ నలిగి, రక్తం చేరి, ఇంకా గట్టిపడే ప్రమాదం ఉంది.

ఆసుపత్రిలో ముందు ఓపీజీ అనే ఎక్స్‌రే తీస్తారు. నిలబెట్టి తల చుట్టూ మిషను తిప్పితే రెండు కీళ్లూ, దవడంతా ఒకే ఫిల్మ్ మీద వస్తుంది. నొప్పి ఉండదు, నిమిషంలోపు అయిపోతుంది. అందులో అనుమానం వస్తే సీటీ స్కాన్ అడుగుతారు. ఎముక నలిగిందా, పక్కకి జరిగిందా, అతుక్కోవడం మొదలైందా అన్నది అందులో స్పష్టంగా తెలుస్తుంది. పసివాడికి అంత రేడియేషన్ అవసరమా అని చాలామంది తల్లులు అడుగుతారు, అడగాలి కూడా. ఈ పరిస్థితిలో అవసరమే. డిస్క్ గురించి తెలుసుకోవాలంటే ఎమ్మారై, దానికి రేడియేషన్ లేదు గానీ బాబు కదలకుండా పడుకోవాలి.

కీలు అతుక్కోలేదని తేలితే మీ అదృష్టమే. ఈ వయసు పిల్లల్లో నలిగిన ఎముక తల మళ్లీ గుండ్రంగా పెరిగి చక్కబడే శక్తి ఉంటుంది, పెద్దవాళ్లకి అది లేదు. ఆ శక్తి పనిచేయాలంటే కీలు కదులుతూ ఉండాలి. అప్పుడు మందు వ్యాయామమే. మేం ఐస్‌క్రీమ్ పుల్లలతో చేయిస్తాం. శుభ్రంగా ఉన్నవి ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎన్ని పడితే అన్ని పళ్ల మధ్య పెట్టి కాసేపు ఉంచాలి. ఈ రోజు పన్నెండు పట్టాయంటే నాలుగు రోజుల తర్వాత పదమూడో పుల్ల మధ్యలోకి నెట్టాలి. ముందు పది నిమిషాలు వేడి గుడ్డ, ఆ తర్వాత పుల్లలు, ఆ తర్వాత అద్దం ముందు నిలబడి గడ్డం పక్కకి పోకుండా నిటారుగా నోరు తెరవడం, దవడ ఎడమకీ కుడికీ జరపడం. రోజుకి ఐదారుసార్లు. ఎన్ని నెలలన్నది డాక్టరు చెప్తారు.

వినడానికి తేలిక, చేయించడం కష్టం. మొదటి వారం ఉత్సాహంగా చేస్తారు, మూడో వారానికి పిల్లవాడు పారిపోతాడు, తల్లి అలిసిపోతుంది. మా దగ్గరికి వచ్చే ఒక నాన్న గోడ మీద కొబ్బరిచెట్టు బొమ్మ వేశాడు. ఒక్కో పుల్ల పెరిగినప్పుడల్లా కూతురు చెట్టెక్కుతున్న ఉడతని ఒక గీత పైకి జరిపేది. ఆ ఉడత కొబ్బరికాయ దాకా వెళ్లడానికి ఏడు నెలలు పట్టింది. మీరూ మీ బాబుకి నచ్చేది ఏదో ఒకటి చూసుకోండి. ఇవన్నీ ఎక్స్‌రే చూశాకే మొదలుపెట్టాలన్నది మాత్రం మరవొద్దు. ఎముక అతుక్కుపోయి ఉంటే పుల్లలతో తోసినా కీలు కదలదు, పళ్లు కదిలిపోతాయి.

అతుక్కుపోయిందని తేలితే ఆపరేషన్ తప్పదు. దాని గురించి భయపెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చెప్తాను. చెవి ముందు కోసి, అతుక్కుపోయిన ఎముకని తీసేసి ఖాళీ చేస్తారు. మళ్లీ అతుక్కోకుండా మధ్యలో కణత కండరాన్నో, కొవ్వునో అడ్డం పెడతారు. ఎదిగే పిల్లలకి కొన్నిసార్లు పక్కటెముక చివరి మృదులాస్థి ముక్క తెచ్చి దవడ ఎముకకి కొత్త తలలా అమరుస్తారు, దవడతో పాటు పెరుగుతుందని. బుగ్గ లోపల ఉండే కొరోనాయిడ్ అనే ఎముక కొసని కూడా తరచుగా తీసేయాల్సి వస్తుంది. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే, నొప్పి ఉండగానే, నోరు ఆడించడం మొదలవుతుంది, నెలల తరబడి సాగుతుంది. మళ్లీ అతుక్కుపోయి రెండోసారి టేబుల్ ఎక్కిన పిల్లల్ని నేను చూశాను. చాలాసార్లు కారణం ఒకటే, ఇంటికెళ్లాక వ్యాయామం ఆగిపోవడం.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. నోరు తెరవలేని పిల్లలకి మత్తు ఇవ్వడం కష్టం. మామూలుగా నోట్లోంచి గొంతులోకి గొట్టం వేస్తారు. వీళ్లకి ముక్కులోంచి, సన్నటి కెమెరా ఉన్న తీగ సాయంతో వేయాల్సి ఉంటుంది. ఆ పరికరం, అలవాటున్న మత్తు డాక్టరు ఉన్నచోటే చేయించుకోండి. ఇది దవడ ఆపరేషన్‌కి మాత్రమే కాదు. రేపు ఏ చెయ్యో విరిగి, అపెండిక్స్ వచ్చి ఇంకెక్కడికో వెళ్లినా, 'మా బాబుకి నోరు పూర్తిగా తెరుచుకోదు' అని ముందే చెప్పండి. ఈలోగా పంటి పని కోసం గానీ స్కాన్ కోసం గానీ తేలికపాటి మత్తు ఇస్తామన్నా ఇదే మాట చెప్పాలి.

గురక గురించి కూడా రాశారు. దవడ సరిగా ముందుకి రాకపోతే నాలుక వెనక్కి జారి గాలిదారి ఇరుకవుతుంది. టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్, ఊరికే జలుబు కూడా కారణం కావచ్చు. ఫోన్‌లో రాత్రిపూట ఐదు నిమిషాల వీడియో తీసి డాక్టరుకి చూపించండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నా, పెదాలు నీలంగా మారినా వారం ఆగకండి, అప్పుడే వెళ్లండి.

ఈలోగా తిండి మెత్తగా ఉండాలి గానీ, మరీ జావగా వద్దు. మెత్తటి ఇడ్లీ, పప్పన్నం, అరటిపండు, ఉడికించిన గుడ్డు, బాగా మాగిన బొప్పాయి. కాస్తయినా నమలాలి, నమలడం కూడా వ్యాయామమే. జంతికలు, చెరుకు ముక్కలు, ఎండుకొబ్బరి ప్రస్తుతానికి వద్దు. రాత్రి పడుకోబోయే ముందు చిన్న బ్రష్‌తో మీరే పళ్లు తోమండి. నోరు తెరవని పిల్లలకి వెనక పళ్లు ముందుగా పుచ్చుతాయి, పుచ్చాక వాటికి వైద్యం చేయడానికి పరికరం లోపలికి పట్టదు.

ఇంత గట్టిగా తొందర పెట్టడానికి కారణం ఒక అమ్మాయి. పదహారేళ్ల వయసులో మా దగ్గరికి తీసుకొచ్చారు. పైపళ్లకీ కిందిపళ్లకీ మధ్య గోరు పట్టేంత సందు. మధ్యాహ్నం వార్డులో వాళ్లమ్మ అన్నం పెడుతుంటే చూశాను. టమాటా పప్పు వేసి అన్నం ముద్ద మైనంలా అయ్యేదాకా పిసికింది. చిటికెడు తీసి బుగ్గకీ పళ్లకీ మధ్య పెట్టి, చూపుడు వేలితో చివరి పంటి వెనక దాకా తోసింది. అక్కడున్న సందులోంచి ఆ ముద్ద నాలుక మీదికి పోయింది. ఒక్కో ముద్దకీ అలాగే. ఆ తల్లి వేలి చర్మం పళ్ల రాపిడికి గట్టిపడిపోయి ఉంది. పన్నెండేళ్లుగా అలా పెడుతున్నానని చెప్పింది. అమ్మాయి గడ్డం కింద తెల్లటి గీతలా చిన్న మచ్చ. నాలుగో ఏట ఉయ్యాల మీద నుంచి పడిందట, మూడు కుట్లు పడ్డాయట. ఆ దవడ ఎదిగే వయసంతా ఎదగలేదు. గడ్డం లోపలికి పోయి, పెదాలు కలవక, ఫొటోలో ఎప్పుడూ చున్నీ అడ్డం పెట్టుకునేది. ఆపరేషన్ తర్వాత నోరు తెరుచుకుంది, మొదటిసారి మిరపకాయ బజ్జీ కొరికి తిన్నది. గడ్డం ముందుకి తేవడానికి మళ్లీ ఇంకో ఆపరేషన్ కావాల్సి వచ్చింది. ఆ దెబ్బ తగిలిన నెలల్లోనే ఎవరైనా చెవి ముందు వేలు పెట్టి చూసి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు. మీరు మూడున్నర నెలలకే గమనించారు.

అందుకే మీ బాబుకి నోరు పూర్తిగా తెరుచుకున్నాక కూడా పని అయిపోదు. దవడ ఎముక పెరిగే చోట్లలో ఆ కీలు ఒకటి. పెరుగుదల ఆగేదాకా, అంటే పదహారు, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా, ఏడాదికోసారి చూపిస్తూ ఉండాలి. ఆర్నెల్లకోసారి ఒకే చోట నిలబెట్టి ఎదురుగా ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి తీసి పెట్టండి. గడ్డం మెల్లగా ఒక పక్కకి పోతుంటే రోజూ చూసే మనకి తెలియదు, ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉంటుంది. ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఖర్చు తక్కువ. ఆపరేషన్ అవసరమైతే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని కలిసి, ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద దవడ కీలు ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో చేస్తారా అని అడగండి. రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లండి.

మీ వారి విషయం తేలిక. ఆవలించినప్పుడు టక్ మనడం అంటే డిస్క్ కాస్త జరిగి మళ్లీ తన చోటికి వస్తోందన్నమాట. నొప్పి లేకుండా, మూడు వేళ్లు పట్టేంత నోరు తెరుచుకుంటూ ఉంటే ఏ వైద్యమూ అక్కర్లేదు. ఆవలించేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించుకోమనండి. శబ్దం ఉన్నట్టుండి ఆగిపోయి, దాంతో పాటే నోరు తెరుచుకోవడం తగ్గితే మాత్రం చూపించుకోవాలి, డిస్క్ అడ్డం పడి ఉంటుంది. గుట్కా, వక్క అలవాటు ఉండి నోరు మండుతూ, తెరుచుకోవడం తగ్గుతుంటే అది దెబ్బ వల్ల కాదు, వేరే జబ్బు, దానికీ ఆలస్యం పనికిరాదు. ఆయనది పెద్దవాళ్ల కీలు, బాబుది ఇంకా ఎదుగుతున్న కీలు. నాకేమీ కాలేదు కాబట్టి వాడికీ కాదనడం సరికాదు. ఈ పేరా ఆయనతో చదివించండి.

ఈ ఉత్తరం చదివే మిగతా తల్లిదండ్రులకి ఒక మాట. దెబ్బ తగిలిన కొద్ది రోజుల నుంచి మూడు వారాల లోపు దవడ బిగుసుకుపోయి, మెడ కూడా పట్టేసి, మింగడం కష్టమైతే అది ధనుర్వాతం కావచ్చు. టీటీ వేయించలేదా, ఎప్పుడో వేయించామా అని ఆలోచిస్తూ కూర్చోకుండా నేరుగా పెద్దాసుపత్రికి పరుగెత్తండి. గడ్డం మీద దెబ్బ తగిలిన ఏ పిల్లవాడికైనా కుట్లు పడ్డాక, ఏడుపు తగ్గాక, నోరు తెరిపించి చూడండి. మూడు రోజులకోసారి రెండు వారాల పాటు చూడండి.

చివరగా ఆ రోజు కన్నేసి ఉంచితే అన్నారు. అమ్మమ్మ ఇంట్లో, దసరా సెలవుల్లో, అరుగు మీద ఆడుకునే ఏడేళ్ల పిల్లవాడిని ఏ తల్లీ క్షణక్షణం పట్టుకుని కూర్చోలేదు. పడటం మీ తప్పు కాదు. అరిసె తుంచుకుని తింటుంటే గమనించింది మీరే, ఇంట్లో అందరూ తగ్గిపోతుందన్నా కూర్చుని ఉత్తరం రాసిందీ మీరే. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కుట్లు వేసినప్పటి చీటీ, కొలతల నోటు పుస్తకం, గురక వీడియోతో పాటు ఇంకొకటి తీసుకెళ్లండి. దసరాకి ముందు తీసిన, బాబు నోరంతా తెరిచి నవ్వుతున్న ఫొటో ఏదైనా మీ ఫోన్‌లో ఉండే ఉంటుంది. పడకముందు గడ్డం ఎక్కడుందో, పళ్లు ఎలా కలిసేవో డాక్టరుకి అందులో కనిపిస్తుంది. ఎక్స్‌రే వచ్చాక అందులో ఏం రాశారో నాకు తెలియజేయండి, మొదటి రోజు కొలిచిన అంకెతో సహా.